గోడ మీది పావురం ఏమి అడుగుతోంది?

నెల్లూరు, ఒంగోలు పట్టణాలలో ఇప్పుడు బొమ్మ లేని ప్రభుత్వ గోడ దొరకడం కష్టం. స్వచ్ఛ సర్వేక్షణ్ పోటీలు మొదలైన తరువాత వంతెనల స్తంభాలు, కార్యాలయాల ప్రహరీలు, పార్కుల గోడలు, చివరకు మురుగుకాలువల పక్కనున్న అడ్డుగోడలు కూడా రంగులు పూసుకున్నాయి. రెండు అరచేతుల మధ్య భూగోళం, ముక్కున ఆకుల కొమ్మ పట్టిన తెల్ల పావురం, జుట్టే చెట్టుగా విస్తరించిన అమ్మాయి ముఖం, ఆ పక్కనే “పర్యావరణాన్ని కాపాడుదాం” అన్న వాక్యం మనకు బాగా అలవాటైపోయాయి. నేను వీటిని ఎగతాళి చేయడం లేదు. ఫ్లెక్సీలు వచ్చి సైన్‌బోర్డు ఆర్టిస్టుల పని లాగేసుకున్న తరువాత, వారిలో కొందరికి మళ్లీ నాలుగు రోజుల కూలి దొరికింది ఈ గోడల మీదనే. సగం చిరిగిన సినిమా పోస్టర్ల కంటే, “ఇక్కడ మూత్రము పోయరాదు” అన్న రాత కంటే పావురం ఎంతో నయం. అయినా వాటి పక్కగా రోజూ నడిచే మనిషిగా నాకు తీరని సందేహం ఒకటి ఉంది. ఆ బొమ్మ నన్ను ఏమి చేయమని అడుగుతోంది? ఏ చెట్టును, ఎవరి నుంచి కాపాడమంటోంది? శాంతి కావాలంటున్న ఆ పావురం, ఏ తగాదాను ఆపమంటోంది?

బహిరంగ ప్రదేశంలో పెట్టిన కళ శాంతికీ, న్యాయానికీ, ప్రకృతి రక్షణకూ పిలుపు కావాలని అందరూ అంటారు. కాదనే వారు ఉండరు; ఉండరు కాబట్టే ఆ మాటకు బలం తక్కువ. పిలుపు అన్న తరువాత ఎవరిని పిలుస్తున్నామో, ఏ పనికి పిలుస్తున్నామో తెలియాలి. ఆ రెండూ తెలిసినప్పుడు మాత్రమే ఎవరో ఒకరికి అది నచ్చకుండా పోతుంది. ఎవరికీ ఇబ్బంది కలిగించని బొమ్మ గోడకు అలంకారం. అందులో తప్పు లేదు గాని, దానిని ఉద్యమం అని పిలవడం నాకు నచ్చదు. ఈ తేడా గ్రహించడానికి మనం విదేశాల దాకా వెళ్లనక్కరలేదు. మన రెండు జిల్లాలలోనే దానికి మంచి ఉదాహరణలు ఉన్నాయి.

పొట్టి శ్రీరాములు గారిని మనం 1952లో ఆంధ్రరాష్ట్రం కోసం 58 రోజులు నిరాహారదీక్ష చేసి ప్రాణం విడిచిన వ్యక్తిగానే పాఠాలలో చదువుకున్నాం. జిల్లాకు ఆయన పేరు పెట్టుకున్నాం, కూడళ్లలో విగ్రహాలు నిలిపాం. అంతకుముందు ఆయన నెల్లూరులో చేసిన పని గురించి మాత్రం తక్కువ మాట్లాడుకుంటాం. మూలాపేట వేణుగోపాలస్వామి ఆలయంలోకి హరిజనులను రానివ్వాలని ఆయన 1946లో ఉపవాసానికి కూర్చున్నారు. ఆ ప్రవేశం చివరకు సాధ్యమయింది. ఆ తరువాతి సంవత్సరాలలో ఆయన హరిజనోద్ధరణ నినాదాలు రాసిన అట్టలు మోసుకుంటూ, కాళ్లకు చెప్పులు గాని తలపై గొడుగు గాని లేకుండా నెల్లూరు ఎండలో వీధులన్నీ తిరిగేవారు. నెల్లూరు ఎండ ఎటువంటిదో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. చూసిన వారిలో చాలామంది ఆయనకు మతి చెడిందనుకున్నారు. ఈనాటి కళావిమర్శకులు ఇటువంటి చర్యను ప్రదర్శన కళ అంటారు, దానిపై పెద్ద పెద్ద వ్యాసాలు రాస్తారు. ఆయనకు ఆ పేరుతో పని లేదు. తాను చెప్పదలచిన మాట గుడి దగ్గరికీ, బజారుకూ, మాట వినడం ఇష్టం లేని వారి గుమ్మం ముందుకూ నడిచి వెళ్లాలి, అంతే. నేను చూసిన ఆయన విగ్రహాలలో దండలు ఉన్నాయి, పంచె మడతలు చక్కగా ఉన్నాయి, ఆ అట్ట మాత్రం లేదు. శిల్పికి ఆ పని అప్పగించిన వారికి అది గుర్తుకు రాలేదో, గుర్తుకు వచ్చి వద్దనుకున్నారో గాని, విగ్రహం చేసేటప్పుడు మనం మనిషిని ఉంచుకొని ఆయన మోసిన మాటను తీసేశాం.

ఇంతకంటే పెద్ద ఉదాహరణ సారా వ్యతిరేకోద్యమం. కలిగిరి మండలం దూబగుంట, రోశమ్మ గారు, 1992 అని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆ ఉద్యమానికి ముందు పల్లె పల్లె తిరిగిన కళాజాతాల సంగతి మాత్రం మెల్లగా మరుగున పడుతోంది. 1990 ప్రాంతాల్లో అక్షరాస్యతా కార్యక్రమం నెల్లూరు జిల్లాకు వచ్చినప్పుడు దానిని జనంలోకి తీసుకుపోయినవి పాటలు, డప్పులు, వీధి నాటికలు. జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు, ఉపాధ్యాయులు, విద్యార్థులు బృందాలుగా ఏర్పడి, కూలి పనుల నుంచి జనం తిరిగివచ్చే సాయంత్రం వేళకు ఊరిలోకి వచ్చి, రామాలయం ముందో, రచ్చబండ దగ్గరో, దళితవాడ మధ్యనో ప్రదర్శన పెట్టేవారు. టికెట్టు లేదు, తెర లేదు. ఆడవాళ్లు వంట ముగించుకొని గుమ్మంలో నిలబడే చూడవచ్చు. అలా మొదలైన రాత్రి బడులలో చదివించిన పాఠాలలో “సీతమ్మ కథ” ఒకటి. తాగుబోతు భర్తతో ఒక స్త్రీ పడిన కష్టం అందులోని విషయం. పాఠం చదివించి ఊరుకోకుండా, ఆ కష్టానికి కారణమేమిటని చర్చ పెట్టేవారు. అక్షరాలు నేర్చుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు ఆ ప్రశ్నకు ఇచ్చిన జవాబే ఉద్యమమయింది. మా మొగుళ్లు తాగుతున్నారన్నది సగం జవాబు. తాగించడానికి సారా ప్యాకెట్లు మా ఇంటి ముందుకు ఎవరు తెస్తున్నారు, దాని మీద ఆదాయం ఎవరికి పోతోంది అన్నది మిగిలిన సగం.

ఆ తరువాత జరిగినదంతా చరిత్ర. సారా దుకాణాలు మూయించారు, ప్యాకెట్లు తెచ్చే బండ్లను ఊరి పొలిమేరలోనే ఆపారు, జిల్లా కేంద్రంలో సారా వేలంపాటలు జరగనివ్వకుండా అడ్డుకున్నారు. అధికారులు ఆ వేలాలను పదే పదే వాయిదా వేసుకోవలసి వచ్చింది. దూబగుంట స్త్రీలు చేసిన పని తిరిగి మరో పాఠంగా అచ్చయి ఇతర గ్రామాల రాత్రి బడులకు చేరింది. పాఠం నుంచి పని, ఆ పని నుంచి మళ్లీ పాఠం: ఇలా ఒక కథ ఊళ్లు దాటి పోవడం నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలోకెల్లా గొప్ప విషయం. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమలులోకి వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో అది సడలిపోయింది. సడలడానికి కారణాలు ఖజానా లెక్కలలో ఉన్నాయి, కళలో లేవు. నాటిక వేసినవారు, పాట పాడినవారు తమ పని పూర్తిగా చేశారు. ఎవరి ఇంటి దుఃఖాన్ని ఎవరి ముందు పెట్టాలో వారికి తెలుసు. ఆ ప్రదర్శన చూసినవారు మరునాడు ఏమి చేయాలో చూసినవారే తేల్చుకునేటట్లు వదిలిపెట్టారు. ఇప్పటి చైతన్య కార్యక్రమాలలో ఈ చివరి గుణమే కనిపించడం లేదు. ఒక బృందం వస్తుంది, ప్లాస్టిక్ వాడకండని ఒక స్కిట్ వేస్తుంది, ఫోటో దిగి వెళ్లిపోతుంది. ఆ స్కిట్ చూసిన కిరాణా కొట్టు యజమానిని, నీకు ఈ సంచులు ఎవరు పంపుతున్నారు, నీవు మానేస్తే నీకు వచ్చే నష్టమెంత అని ఎవరూ అడగరు.

న్యాయం గురించిన బహిరంగ కళ అనగానే పెద్ద విగ్రహాలు గుర్తుకు వస్తాయి. విజయవాడలో 2024 జనవరిలో ఆవిష్కరించిన అంబేడ్కర్ విగ్రహం 125 అడుగులది. పీఠంతో కలిపితే 206 అడుగులు. నేను దానిని చూశాను, గొప్పగానే ఉంది. అయినా నా మనసులో దాని కంటే ముందు నిలిచేది పల్లెలలో సిమెంటుతో చేసి, ఏప్రిల్ 14కు ముందు నీలిరంగు కోటు మళ్లీ పూసే నాలుగైదు అడుగుల అంబేడ్కర్ విగ్రహం. ఒక చేతిలో పుస్తకం, రెండవ చేతి చూపుడు వేలు ముందుకు. పోలికలు సరిగా కుదరకపోవచ్చు, ముక్కు కొంచెం పెద్దది కావచ్చు, చందాలు వేసుకొని చేయించిన మేస్త్రి శిల్పశాస్త్రం చదువుకోకపోవచ్చు. అయితే ఆ విగ్రహం ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న దగ్గరే ఊరిలోని అసలు సంగతులన్నీ బయటపడతాయి. వాడలో లోపల పెట్టుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఊరి కూడలిలో, బస్సు ఆగే చోట పెడతామంటే పంచాయతీ, పోలీసులు, రెవెన్యూ వారు అందరూ కదులుతారు. ఆ కదలికను పుట్టించడమే ఆ విగ్రహం చేసే పని. దాని సొగసు సంగతి తరువాత మాట్లాడుకోవచ్చు.

కారంచేడును తలుచుకోకుండా ఈ మాట ముగించలేను. ఆ ఊరు ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్నా, 1985లో ప్రకాశం జిల్లాలోనే ఉండేది. దళితులు తాగే మంచినీళ్ల చెరువు దగ్గర గేదెలను కడిగిన మురికి నీళ్లు ఆ నీటిలో పడుతుంటే ఒక దళిత స్త్రీ అభ్యంతరం చెప్పింది. దాని పర్యవసానంగా జూలై 17న జరిగిన దాడిలో ఆరుగురు దళితులు హత్యకు గురయ్యారు. ప్రాణాలు దక్కించుకున్నవారు చీరాలకు తరలివెళ్లారు. అక్కడ వారి స్మారకస్థలం ఉంది, ఏటా జూలై 17న జనం అక్కడ కూడుతారు. నీటి కాలుష్యం అనే పర్యావరణ సమస్య, కులం అనే న్యాయ సమస్య, ఊరిలో కలిసి బతకడం అనే శాంతి సమస్య ఒకే చెరువు గట్టు మీద ఎదురుపడిన సందర్భం అది. ఈ మూడింటినీ మూడు వేర్వేరు గోడల మీద మూడు వేర్వేరు రంగులతో వేసే చిత్రకారుడికి నేను ఆ చెరువు సంగతి చెప్పాలనుకుంటాను. పర్యావరణాన్ని కాపాడుదామని మొట్టమొదట అన్న మనిషి బిందె పట్టుకొని ఉంది. ఆమె అడిగినది అందరికీ అర్థమయింది కాబట్టే అంత కోపం వచ్చింది.

ఇక రాయి సంగతి. ఒంగోలు నుంచి పొదిలి వెళ్లే దారిలో ఉన్న చీమకుర్తి, దాని పక్కనున్న రామతీర్థం గుట్టలలో దొరికే గెలాక్సీ గ్రానైట్ ప్రపంచమంతటా పేరున్నది. నల్లని రాయిలో బంగారు చుక్కలు మెరుస్తాయి. సానపడితే అద్దంలా ముఖం కనిపిస్తుంది. మన రాయి దేశదేశాలలో ఆఫీసు గోడలుగా, వంటగది గట్లుగా, సమాధి ఫలకాలుగా నిలిచింది. సానపట్టిన నల్లరాయి ముఖం చూపిస్తుందన్న ఈ చిన్న గుణం మీదనే యుద్ధ స్మారకాలలో అత్యంత ప్రసిద్ధమైన ఒకటి ఆధారపడి ఉంది. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో 1982లో వెలసిన వియత్నాం యుద్ధ స్మారకాన్ని రూపొందించినది మాయా లిన్. పోటీలో ఆమె నమూనా ఎంపికైన నాటికి ఆమెకు 21 ఏళ్లు, ఇంకా విద్యార్థిని. గుర్రాలు లేవు, జెండాలు లేవు, తుపాకి ఎత్తిన వీరుడు లేడు. నేలలోకి దిగినట్లు కట్టిన రెండు నల్లరాతి గోడలు ఒక కోణంలో కలుస్తాయి. వాటి మీద చనిపోయిన, జాడ తెలియకుండా పోయిన 58,000 మందికి పైగా అమెరికన్ల పేర్లు, హోదాలు లేకుండా, వారు చనిపోయిన వరుసలో చెక్కారు. ఆ రాయి మన దేశం నుంచే, బెంగళూరు ప్రాంతం నుంచి వెళ్లింది. పేరు చదవడానికి దగ్గరికి వెళ్లినవారికి ఆ పేరు మీద తమ ముఖమే కనిపిస్తుంది. అవమానానికి గుర్తుగా నల్లని గాటు పెట్టారని అప్పట్లో కొందరు మండిపడ్డారు. వారిని సమాధానపరచడానికి 1984లో పక్కన ముగ్గురు సైనికుల కంచు విగ్రహాన్ని చేర్చారు. వియత్నాం ప్రజలలో చనిపోయిన లక్షల మంది పేర్లు అక్కడ లేవన్న విమర్శ కూడా ఉంది, అది న్యాయమైనదే. అయినా యుద్ధాన్ని తిడుతూ ఒక్క మాట రాయకుండా, యుద్ధానికి ఎంత ఖరీదు చెల్లించారో పేరు పేరునా చూపించిన ఆ గోడ ముందు, తుపాకి గొట్టాన్ని ముడివేసిన శిల్పాలు నాకు కొంచెం తేలికగా కనిపిస్తాయి.

చీమకుర్తి వైపు వెళ్లినప్పుడల్లా నాకు మరో ఆలోచన వస్తుంది. ఇక్కడి నుంచి వెళ్లిన రాయి ఎక్కడెక్కడో స్మారకమయింది గాని, రాయి పోయిన చోట మిగిలిన గుంతలకు స్మారకం లేదు. మెట్లు మెట్లుగా కోసిన ఆ లోతైన గోతులు, అడుగున నిలిచిన పచ్చని నీళ్లు, చుట్టూ కొండలుగా పోసిన వ్యర్థ రాళ్లు, దారి పొడవునా పాలిష్ ఫ్యాక్టరీల నుంచి తెచ్చి పారబోసిన తెల్లని రాతిపొడి బురద (స్లర్రీ): మన ప్రాంతంలో మనుషుల చేతితో తయారైన అతిపెద్ద శిల్పం ఇదే, ఎవరూ సంతకం చేయలేదు. అక్కడ పనిచేసేవారిలో ఎందరో బీహారు, ఒడిశా, రాజస్థాన్‌ల నుంచి వచ్చినవారు. క్వారీ ప్రమాదాలలో పోయినవారి పేర్లు పత్రికలో ఒక రోజు ఉంటాయి. ఆ రాతి ముక్కల మీదనే ఆ పేర్లు చెక్కి, ఒంగోలు నుంచి వెళ్లే బస్సులు ఆగే చోట నిలబెడితే ఎలా ఉంటుంది? రాయికి కొదవ లేదు, చెక్కే పనివారికి కొదవ లేదు. కొదవ దేనికో మనకందరికీ తెలుసు.

ఒక కళాఖండం నిజంగా పిలుపునిస్తోందా లేదా అని తెలుసుకోవడానికి, దానిని కప్పిపెట్టాలని ఎవరికైనా అనిపించిందా అని నేను చూస్తాను. 1937 ఏప్రిల్‌లో స్పెయిన్‌లోని గుయెర్నికా పట్టణం మీద బాంబులు కురిపించిన తరువాత పికాసో వేసిన చిత్రం సంగతి మనకు తెలిసినదే. ఆ చిత్రాన్ని పోలిన ఒక నేత తెర న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి భద్రతామండలి గది బయట వేలాడుతుండేది. 2003 ఫిబ్రవరిలో అమెరికా విదేశాంగ మంత్రి ఇరాక్ మీద యుద్ధానికి కారణాలు వివరించడానికి అక్కడికి వచ్చినప్పుడు దాని మీద నీలిరంగు గుడ్డ కప్పారు. టీవీ కెమెరాలకు వెనుక రంగు కుదరడం కోసమని అధికారులు సంజాయిషీ ఇచ్చారు. అరుస్తున్న గుర్రం, చచ్చిన బిడ్డను ఎత్తుకున్న తల్లి వెనుక కనిపిస్తుండగా యుద్ధం గురించి మాట్లాడటం ఎవరికైనా కష్టమే. మనకు దగ్గరలోనే, 2019 డిసెంబరులో, చెన్నై బీసెంట్ నగర్‌లో పౌరసత్వ సవరణ చట్టాన్ని వ్యతిరేకిస్తూ వీధిలో ముగ్గులు వేసిన కొందరిని పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. ముగ్గుపిండితో వేసినది, సాయంత్రానికి కాళ్ల కింద చెరిగిపోయేది. ఆ చట్టం మీద ఎవరి అభిప్రాయం ఏదైనా కావచ్చు. మన ఇళ్ల ముందు రోజూ పుట్టి రోజూ పోయే ఆ కళకు అంత శక్తి ఉందని ఆ రోజు పోలీసులే నిరూపించారు.

అన్ని పిలుపులూ నిరసనలే కానక్కరలేదు. నెల్లూరులో మొహర్రం రోజులలో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో జరిగే రొట్టెల పండుగను నేను శాంతికి సంబంధించిన అతి పెద్ద బహిరంగ ప్రదర్శనగానే చూస్తాను. మోకాలి లోతు నీళ్లలో నిలబడి, కోరిక తీరినవారు రొట్టె ఇస్తారు, అదే కోరిక ఉన్నవారు అడిగి తీసుకుంటారు. చదువు రొట్టె, ఆరోగ్య రొట్టె, సంతాన రొట్టె, ఉద్యోగ రొట్టె అని కేకలు వేసి వెతుక్కుంటారు. ఇచ్చేవారి మతం పుచ్చుకునేవారు అడగరు. దానిని ఏ కళాకారుడూ రూపొందించలేదు, అయినా ఒక గొప్ప కళాకారుడు చేయగలిగినదంతా అందులో ఉంది. పరిచయం లేని ఇద్దరు మనుషులు నీళ్లలో ఎదురెదురుగా నిలబడి ఒకరి లోటును మరొకరికి చెప్పుకుంటారు. మతసామరస్యం గురించి మనం వేసే బొమ్మలలో టోపీ, బొట్టు, శిలువ పక్కపక్కన చేతులు పట్టుకొని నిలబడతాయి. చెరువులో ఆ భంగిమ ఎక్కడా లేదు, అందరూ తడిసి, తోసుకుంటూ, వెతుక్కుంటూ ఉంటారు.

నేల గురించి చెప్పవలసినది ఇంకొకటి ఉంది. 1982లో ఆగ్నెస్ డెనిస్ అనే కళాకారిణి న్యూయార్క్ మన్‌హట్టన్ దక్షిణపు కొసలో, వరల్డ్ ట్రేడ్ సెంటర్ జంట భవనాలకు ఎదురుగా, కట్టడాల మట్టి పోసి పూడ్చిన రెండెకరాల నేలలో గోధుమ వేసింది. చెత్త ఏరి, మట్టి తోలించి, చేతులతో చాళ్లు తీసి, నాలుగు నెలలు నీరు పెట్టి సాకింది. ఆ స్థలం విలువ 450 కోట్ల డాలర్లని అప్పట్లో లెక్కకట్టారు. ఆగస్టులో కోస్తే వచ్చిన పంట వెయ్యి పౌండ్లకు కొంచెం పైన. అంటే మన నెల్లూరు లెక్కలో 850 కిలోల పుట్టికి సగం కంటే కాస్త ఎక్కువ, అదీ రెండెకరాల మీద. మొలగొలుకుల వడ్లు పండించిన మన రైతు వింటే నవ్వు ఆపుకోలేడు. దిగుబడి కోసం వేసిన పంట కాదది. ప్రపంచంలోకెల్లా ఖరీదైన నేలలో తిండి గింజలు నిలబెట్టి, మీరు దేనికి విలువ కడుతున్నారని అడగడానికి వేసినది. ఇక్కడ మనం దానిని తలకిందులుగా చేస్తున్నాం. నెల్లూరు చుట్టూ కాలువ పారే మాగాణిలో తెల్లరాళ్లు పాతి, రంగు జెండాలు కట్టి, ముఖద్వారం మీద పచ్చని చెట్ల బొమ్మ వేసి లేఅవుట్‌కు ఏదో ఒక వనం పేరు పెడుతున్నాం. ఆ ముఖద్వారం కూడా బహిరంగ కళే, దాని పిలుపు చాలా స్పష్టం, జనం వెంటనే స్పందిస్తున్నారు కూడా.

మరి ఇక్కడ ఏమి చేయవచ్చు అని నన్ను అడిగితే, రంగు డబ్బాల కంటే ముందు ఉలి తీసుకోమంటాను. జపాన్‌లో ఇవాతే ప్రాంతపు సముద్రతీరంలో అనేయోషి అనే చిన్న పల్లె ఉంది. 1933 నాటి సునామీ తరువాత ఆ ఊరివారు కొండవాలు మీద ఒక రాయి నిలిపి, దీనికి దిగువన ఇళ్లు కట్టుకోవద్దని చెక్కారు. ఎత్తైన నివాసమే పిల్లల తరాలకు సుఖశాంతులన్న మాట కూడా ఆ రాతి మీద ఉంది. 2011లో వచ్చిన సునామీ ఆ రాయికి సుమారు 100 మీటర్ల దిగువన ఆగిపోయింది, పైనున్న ఇళ్లు నిలిచాయి. చెక్ దేశంలోని డెచీన్ పట్టణం దగ్గర ఎల్బే నదిలో ఉన్న రాయి దీనికి ఎదురు రకం. నది బాగా ఎండినప్పుడే అది బయటపడుతుంది. 1616 మొదలుకొని కరువు సంవత్సరాలు దాని మీద చెక్కి ఉన్నాయి, “నన్ను చూశావా, అయితే ఏడువు” అన్న మాట కూడా ఉంది. 2018లోనూ 2022లోనూ ఐరోపా ఎండిపోయినప్పుడు జనం వెళ్లి ఆ రాయిని చూశారు. ఒకటి నీరు ఎక్కువైతే చెప్పే రాయి, మరొకటి తక్కువైతే చెప్పే రాయి. మన పెన్నకు ఈ రెండూ అవసరం.

సంవత్సరంలో ఎక్కువ రోజులు పెన్న ఇసుక మైదానమే. 2021 నవంబరులో అదే పెన్న పొంగి, కోవూరు పక్క పడుగుపాడు వద్ద రైలు కట్టను కోసేసింది, జాతీయ రహదారిని దెబ్బతీసింది, నెల్లూరులో భగత్‌సింగ్ కాలనీ, వెంకటేశ్వరపురం ఇళ్లలోకి వచ్చింది. ఆ నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో అక్కడివారు చేయి ఎత్తి చూపిస్తారు. బయటి నుంచి వచ్చి చవకగా స్థలం కొనేవాడికి చూపించడానికి మాత్రం గుర్తు ఏదీ లేదు. ఆ ఎత్తున, తేదీతో సహా, వీధికొక రాయి పాతాలి. “నీళ్లు ఇంతవరకు వచ్చాయి, దీనికి దిగువన స్థలం కొనేముందు ఆలోచించండి” అని తెలుగులో చెక్కాలి. దీనికి మొదట అభ్యంతరం చెప్పేది ఎవరో ఊహించడం కష్టం కాదు. వంతెన స్తంభాల మీద మరో గీత ఉండాలి: ఏటా వేసవిలో ఇసుక ఎంత మట్టంలో ఉందో ఆ సంవత్సరపు అంకెతో. ఇసుక తవ్వకాల మీద ఎన్ని వాదనలు జరిగినా, ఏటేటా కిందికి దిగే గీతలను రైలు కిటికీలోంచి చూసే పిల్లవాడికి కూడా లెక్క తెలుస్తుంది. తీరంలోని మత్స్యకార పల్లెలలో 2004 డిసెంబరు 26 నాటి అల ఎక్కడి వరకు వచ్చిందో చెప్పే రాళ్లు నిలపడానికి, ఆ అలను కళ్లారా చూసినవారు ఇంకా ఆ ఊళ్లలోనే ఉన్నారు.

ఇందుకు పెద్ద నిధులు అక్కరలేదు. చీమకుర్తిలో అమ్ముడుపోని ముక్కలు గుట్టలుగా పడి ఉన్నాయి. సర్వే చేసేవారి లెవెల్ పరికరం, అక్షరం గుండ్రంగా చెక్కగల మేస్త్రి, ప్రతి వీధిలోనూ ఆ రాత్రి నీళ్ల ఎత్తు గుర్తున్న ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు ఉంటే సరిపోతుంది. స్తంభాల మీద గీయడానికి అనుమతి విషయమై రోడ్లు, రైల్వే శాఖలకు రాయాలి. ముందుగా చేయవలసినది కొలత. భగత్‌సింగ్ కాలనీలో కొన్ని ఇళ్ల గోడల మీద నీటి మరక ఇప్పటికీ ఉంది, కొన్నిచోట్ల పండుగ సున్నాలతో పోయింది. మిగిలినవి కూడా పోకముందే ఎవరైనా టేపు పట్టుకొని వెళ్లాలి. వస్తామన్నవారు ఉంటే నేను వారితో కలిసి వెళ్లడానికి సిద్ధంగా ఉన్నాను.